అనుమతి లేని పెరుగుదల

మా వీధి పిల్లలు ప్రభుత్వ అనుమతి లేకుండా పెరుగుతున్నారన్న సంగతి మొదటిసారి బయటపడింది జూన్ పదహారో తేదీన, ఉదయం పదకొండు గంటలకు, మా ఇంటి ముందుగదిలో.

ముందుగది అంటే పేరుకే మాది. ఏడేళ్ళ క్రితం మా ఆవిడ సుభద్ర దాన్ని అంగన్‌వాడీ కేంద్రానికి ఇచ్చేసింది. "ఇద్దరికి ఇన్ని గదులెందుకు, కాస్త చప్పుడైనా ఉంటుంది" అంది. ఆ తర్వాత రెండేళ్ళకి ఆవిడ వెళ్ళిపోయింది, చప్పుడు ఉండిపోయింది. ఉదయం తొమ్మిదిన్నరకల్లా ముప్పై ఎనిమిది మంది పిల్లలు వచ్చి నా నిశ్శబ్దాన్ని పీకి పందిరి వేస్తారు. అందుకు నేను వాళ్ళకి రుణపడి ఉన్నాను.

మాది జీడిపిక్కల ఊరు. మా వీధి ఆడవాళ్ళలో చాలామంది పిక్కలు కొట్టే షెడ్లకు పోతారు. జీడినూనె తగిలి వాళ్ళ వేళ్ళ మీద తోలు లేచిపోతుంది, వేలిముద్రలు పడవు. బాలపోషణ సంచాలకాలయం వారు ఈ విషయం మీద దయతో ఆలోచించి, తల్లి వేలిముద్ర అక్కర్లేదు, పిల్ల ముఖం ఫోనుకు చూపిస్తే చాలు, గుడ్డు ఇవ్వవచ్చు అన్నారు. అందుకోసం 'చిన్నారి దర్శిని' అని ఒక యాప్ తయారుచేసి, టీచర్లందరికీ అంతకుముందే ఇచ్చి ఉన్న ఫోన్లలో వేశారు. రెండేళ్ళ క్రితం వీధిలో పిల్లలందరి ముఖాలూ, చంకలో ఉన్నవాళ్ళవి కూడా, అందులోకి ఎక్కించారు.

ఆ రోజుల్లో ఫోను చాలా ఉదారంగా ఉండేది. ముక్కూ మొహం ఉంటే చాలు, గుడ్డు ఇమ్మనేది. ఈ ఏడు జూన్ పదిహేనున సంచాలకాలయం వారు రెండు సంస్కరణలు ఒకేసారి చేపట్టారు. యాప్‌కి తొమ్మిదో వెర్షన్ విడుదల చేశారు. ముఖం పోలిక నూటికి అరవై చాలన్నదాన్ని తొంభై అయిదుకు పెంచారు. రెండో సంస్కరణ వెంటనే ఫోనులోకి వచ్చేసింది. మొదటిది రాలేదు. "ఈ పరికరానికి మద్దతు ముగిసినది" అని తెరమీద ఒక వాక్యం వచ్చి, దాని కింద "సరే" అని ఒకే ఒక్క బొత్తాం కనిపించింది. ఎవరైనా సరే అనక ఏం చేస్తారు? గౌరీశ్వరి కూడా సరే అంది.

గౌరీశ్వరి మా కేంద్రం టీచరు. పద్నాలుగేళ్ళ సర్వీసు. నన్ను బాబాయిగారూ అంటుంది.

"బాబాయిగారూ, ఓపాలి ఇలా రండి. ఢిల్లీశ్వరి ఢిల్లీశ్వరి కాదంటోంది ఈ ఫోను."

వెళ్ళి చూశాను. ఢిల్లీశ్వరికి మూడున్నరేళ్ళు. పోయిన డిసెంబరులో ఆ పిల్ల బరువు తొమ్మిదిన్నర కిలోలు, గోడమీద పెరుగుదల పటంలో ఎర్ర గీతకు కింద. అప్పటినుంచి రోజుకో గుడ్డు, గ్లాసుడు పాలు. జూన్ మొదటి వారానికి పదకొండు కిలోల ఏడువందలు. ఎరుపు దాటి పసుపులోకి వచ్చి పచ్చవైపు చూస్తోంది. గుడ్డు ఆగిపోతే ఆ చుక్క మళ్ళీ ఎటు పోతుందో చెప్పడానికి యాప్ అక్కర్లేదు.

ఫోనులో ఉన్న ఢిల్లీశ్వరి ఏడాదిన్నర పిల్ల. బోడిగుండు, చొల్లు కారుతున్న గడ్డం, నోరు చెవులదాకా తెరిచి ఏడుపు. ఫోను ఎదురుగా నిలబడ్డ ఢిల్లీశ్వరికి రెండు పిలకలు, నోటినిండా పళ్ళు.

"ఈ ముఖం నమోదులో లేదు. దయచేసి సరైన చిన్నారిని చూపండి" అంది ఫోను.

"నానే!" అంది ఢిల్లీశ్వరి ఫోనుతో.

"ఈ ముఖం నమోదులో లేదు."

"నానే అంతన్నాను గదా!"

ఆ రోజు ముప్పై ఎనిమిది మందిలో ఏడుగురికి ముఖాలు కలిశాయి. వాళ్ళు ఈ మధ్యనే చేరినవాళ్ళు, ఇంకా పెరగడానికి తీరిక చిక్కనివాళ్ళు. మిగిలిన ముప్పై ఒక్క గుడ్లూ అట్టలోనే ఉండిపోయాయి.

"కొత్త ఫొటోలు తీసేస్తే పోలేదా అమ్మా?" అన్నాను.

"కొత్త ఫొటో తొమ్మిదిలోనే పడతాదండి. తొమ్మిదేమో ఈ ఫోన్లోకి రాదు. బజార్లో సెల్ షాపు అబ్బాయిని అడిగేను. రెండు గంటల్లో ఎక్కించేస్తానన్నాడు. సూపర్‌వైజరు మేడంకి చెప్తే, నీకు దండం పెడతాను గౌరీ, ఆ పని మాత్రం చెయ్యకు అనీసి ఫోను పెట్టీసేరు."

ఆ దండం ఎందుకో వారం తర్వాత మండల ఆఫీసు హాల్లో జరిగిన సమావేశంలో తెలిసింది. కేంద్రం సహాయక సంఘంలో ఇంటి యజమాని కూడా సభ్యుడే కాబట్టి నేనూ వెళ్ళాను. మా గౌరీశ్వరి, ఆయా పైడమ్మ నా వెనక వరసలో కూచున్నారు. వేదిక మీద డిజిటల్ పోషణ ప్రత్యేకాధికారి పరాంకుశంగారు. మనిషి చూడ్డానికి మెత్తగా ఉన్నారు. మాట మాత్రం ఉత్తర్వులా వచ్చేది.

"ఫోను అన్నది నాలుగేళ్ళ ఆయుర్దాయం కలిగిన పరికరము. మన ఫోనులు నాలుగేళ్ళు పూర్తిచేసుకొన్నవి. అయితే అవి వయసు మళ్ళి సహజముగా కాలం చేసినవా, లేక కంపెనీవారు కొత్తవి అమ్ముకొనుటకై ముందుగానే ముహూర్తం పెట్టి చంపినారా అను విషయమై ఉన్నతస్థాయి అధ్యయన సంఘం పదకొండు సమావేశములు జరిపినది. సభ్యులలో సగంమంది సహజ మరణమన్నారు. సగంమంది హత్య అన్నారు. పన్నెండో సమావేశం జరపవలెనని మాత్రం ఏకగ్రీవముగా తీర్మానించినారు."

హాల్లో కొందరు చప్పట్లు కొట్టారు.

"అది తేలు వరకు మనము కొత్త ఫోనులు కొన్నచో హత్యను ప్రోత్సహించినట్లు. పాతవి బాగుచేయించినచో సాక్ష్యమును తారుమారు చేసినట్లు. కనుక యథాతథ స్థితి."

గౌరీశ్వరి లేచింది. "పోనీ నా సొంత ఫోన్లో వేసుకోమంటారా సార్? అది పోయిన దీపావళికే కొన్నాను."

"కూడదు. సొంత ఫోనుకు భద్రత ఉండదు. ఎవడో పరదేశీయుడు దానిలో దూరి మన పిల్లల బరువులు పట్టుకుపోవును."

"పట్టుకుపోయి ఏటి సేసుకుంతాడు బాబూ," అంది పైడమ్మ, పక్కవాళ్ళతో అనుకుని గట్టిగా. "ఉంటే గదా పట్టుకుపోడానికి!"

నవ్వు ఆగాక నేను లేచాను. ఎవరు మీరని అడిగారు.

"ఇంటి యజమానినండి. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాను. ముప్పై మూడేళ్ళు కాటారాళ్ళకి ముద్ర వేశాను. కిలోకి కొత్త వెర్షన్ రావడం నేనెప్పుడూ చూడలేదు. తూకం తేడా వస్తే రాయిని సరిచేసేవాళ్ళం గాని, బియ్యాన్ని సరిచేసుకోమని ఎవరితోనూ చెప్పలేదండి."

"అదే మీ శాఖకూ మా శాఖకూ గల వ్యత్యాసము," అన్నారు పరాంకుశంగారు నొచ్చుకోకుండా. "మీది నిలిచిన శాఖ. మాది నడుస్తున్న శాఖ. సరే, విషయానికి వద్దాము. ఇందులో అంశములు మూడు. ఒకటి ఫోను. అది మారలేదు. రెండు యాప్. అది ప్రభుత్వ విధానముననుసరించి మారుచుండును, ఆపుటకు మనమెవరము? ఇక మిగిలినది చిన్నారి. ముగ్గురిలో తన మార్పును తాను అదుపులో ఉంచుకొనగల స్థితిలో ఉన్నది చిన్నారి మాత్రమే."

"సార్, గుడ్డు పెట్టేదే పిల్లలు పెరగడానికి కదండీ?" అంది గౌరీశ్వరి, ఇంకా కూచోకుండా.

"పెరగవచ్చునమ్మా. బరువు పెరగవచ్చును. ఎత్తు పెరగవచ్చును. ముఖము ఎందుకు పెరగవలెను?"

నాలుగు రోజుల్లో 'లబ్ధిదారుల ముఖ స్థిరత్వ మార్గదర్శకాలు' వచ్చాయి. నమోదు తేదీ నాటి ముఖమును కాపాడుకొనుట తల్లిదండ్రుల బాధ్యత. జుట్టు, పళ్ళు మొదలగునవి మొలచినచో మూడు రోజులలోగా తెలియపరచవలెను. మొక్కుబడుల నిమిత్తం గుండు చేయించదలచినవారు ముందస్తు అనుమతి పొందవలెను. ఈ చివరిది ఊరికే పెట్టలేదు. పక్కవీధి కేంద్రంలో ముగ్గురు పిల్లలు సింహాచలం వెళ్ళి గుండ్లు చేయించుకొస్తే, ఫోను ముగ్గుర్నీ ఒకే పిల్లవాడని తేల్చి ముగ్గురికీ కలిపి ఒక గుడ్డు మంజూరు చేసింది. పంతొమ్మిది నిమిషాల తర్వాత ఆ గుడ్డు కూడా రద్దు చేసింది, అతను రోజుకి మూడుసార్లు వస్తున్నాడని.

మా ముందుగది రంగస్థలం వెనకగదిలా తయారైంది. తల్లులు షెడ్లకు పోతూ పోతూ పాత గౌన్లు తెచ్చి, బిగుతైనా సరే, పిల్లలకు తొడిగేవాళ్ళు. పిలకలు విప్పి జుట్టు వెనక్కి కట్టేవాళ్ళు. రెండేళ్ళనాటి బుగ్గలు రావడానికి నోటినిండా గాలి నింపి ఉగ్గబట్టమనేవాళ్ళు. ఫోను కరగలేదు.

నేను సొంతంగా గుడ్లు కొని, మా వంటింట్లో రెండు రోజులు ఉడకబెట్టి తెచ్చాను. ఈ వయసులో ముప్పై ఒక్క గుడ్లకు పెంకు ఒలవడం మంచి కాలక్షేపం. మూడో రోజు సూపర్‌వైజరు వచ్చి, నమోదు కాని గుడ్డు కేంద్రం ఆవరణలో కనిపిస్తే టీచరు మీద చర్య ఉంటుందని, పాపం, ఎంతో సిగ్గుపడుతూ చెప్పి వెళ్ళింది.

అసలు కిటుకు కనిపెట్టింది పైడమ్మ. పిల్లల్ని నమోదు చేసిన రోజున ఫోను చూసి అందరూ బెదిరి ఏడ్చారు. ఫోనులో ఉన్నవన్నీ ఏడుపు ముఖాలే. ఒకరోజు ఎవరో పిల్లవాడు పడి, మోకాలు గీరుకుని ఏడుస్తూ ఫోను ముందుకు వస్తే, ఫోను ఆప్యాయంగా "స్వాగతం" అంది. పైడమ్మకు అర్థమైపోయింది.

"ఏడీ తల్లీ, ఒక్కపాలి ఏడీ. ఏడిస్తే గుడ్డు తింతావు" అంటూ మెల్లగా తొడమీద గిల్లేది. పదకొండు గంటలయ్యేసరికి వరసగా ఏడుపులు మొదలయ్యేవి. సగంమందికి ముఖాలు కలిశాయి. సంచాలకాలయం వారికి ఈ విషయం తెలిసి ఎంతో మెచ్చుకున్నారు. 'నమోదు సమయ భావస్థితి పునఃకల్పన' అని దానికి పేరు పెట్టి, ఆయాలకు అరపూట శిక్షణ ఇచ్చారు. నవ్వుతున్న పిల్లకి గుడ్డు ఇవ్వరాదని ఒక మెమో కూడా వచ్చింది. నేను ఆ గంటసేపూ పెరట్లోకి వెళ్ళి కూచునేవాణ్ణి.

ఢిల్లీశ్వరి మాత్రం ఏడవలేదు. పైడమ్మను తిరిగి గిల్లింది.

జూలై నెల తూకం రోజున వాళ్ళమ్మ చిన్నమ్మడు షెడ్డుకు సెలవు పెట్టి, చంకలో చిన్నవాడితో వచ్చింది. వాడి పేరు రిత్విక్. ఏడాదిన్నర. వాడు చెయ్యి చాపి ఫోనును లాగబోయాడు. గౌరీశ్వరి ఇవ్వలేదు. వాడు నోరు చెవులదాకా తెరిచాడు.

"స్వాగతం, ఢిల్లీశ్వరి" అంది ఫోను.

గౌరీశ్వరి తెర తుడిచి మళ్ళీ చూసింది.

"ఆడు నాను కాదు!" అంది ఢిల్లీశ్వరి.

"నువ్వుండవే. ఏటి టీచరుగారూ ఇది?" అంది చిన్నమ్మడు.

గౌరీశ్వరి సహాయ కేంద్రానికి ఫోను చేసింది. అటునుంచి వచ్చిన జవాబు నేనూ విన్నాను. "ముఖము ఎవరిదో లబ్ధి వారిదే. లబ్ధిదారు మాట పరిగణనలోకి తీసుకొనబడదు."

దాంతో రిత్విక్ ఢిల్లీశ్వరి అయ్యాడు. గుడ్డు వాడి చేతికి ఇచ్చారు. చిన్నమ్మడు ఇంటికి తీసుకువెళ్ళి రోజూ ఇద్దరికీ చెరిసగం పెట్టేది. వీధిలో మిగతావాళ్ళు కూడా ఇది చూసి చంటిపిల్లల్ని తెచ్చారు. ముఖం దాటిపోయిన అక్కల స్థానంలోకి చెల్లెళ్ళు, అన్నల స్థానంలోకి తమ్ముళ్ళు వచ్చారు. తోబుట్టువులు లేనివాళ్ళు పక్కింటి పాపాయిని ఎత్తుకొచ్చారు. ఉద్యోగాల్లో కూడా ఇంత చక్కగా వారసత్వం నడవగా నేను చూడలేదు.

కాని ఇదంతా మొదలైంది తూకం రోజున. త్రాసు మీద ఉన్న పిల్ల ముఖాన్ని ఫోను చూస్తేనే బరువు ఎక్కుతుంది. ఢిల్లీశ్వరి ముఖం వాళ్ళ తమ్ముడి దగ్గర ఉంది. వాడి బరువు పదికిలోల రెండువందలు. ఆ ఈడుకి దివ్యమైన బరువు.

ఆగస్టు మొదటి వారంలో గౌరీశ్వరికి తాఖీదు వచ్చింది. "మీ నిర్లక్ష్యము వలన కుమారి ఢిల్లీశ్వరి ఒక్క నెలలో ఒకటిన్నర కిలోల బరువును, పద్నాలుగు సెంటీమీటర్ల ఎత్తును కోల్పోయినది. ఏడు రోజులలోగా తగు సంజాయిషీ సమర్పించనిచో మీరు సర్వీసు నుండి తొలగించబడుదురు."

ఆ కాగితం పట్టుకుని మా గుమ్మంలో కూలబడింది.

"పద్నాలుగేళ్ళు బాబాయిగారూ. పోలియో చుక్కలన్నారు, వేసేను. ఓటరు స్లిప్పులన్నారు, పంచేను. మరుగుదొడ్లు లెక్కెట్టమన్నారు, లెక్కెట్టేను. పొట్టిదైపోయిన పిల్లకి నేనేటి రాయగలను? మా ఆయనకి ఆటో తప్ప ఇంకోటి లేదు. ఈ ఉద్యోగం పోతే మా పాప కాలేజీ ఆగిపోతాది."

మంచినీళ్ళు ఇచ్చాను. ఏం రాయాలో నాకూ తోచలేదు. ఆ సాయంత్రం అటకమీద ఉన్న నా పాత కాటా, ముద్ర వేసిన రాళ్ళు దించి తుడిచాను. ఢిల్లీశ్వరిని పిలిచి తూచాను. పదకొండు కిలోల రెండువందలు. కొన్నాళ్ళు గుడ్డు లేక, కొన్నాళ్ళు సగం గుడ్డుతో, రెండు నెలల్లో అయిదువందల గ్రాములు పోయాయి. ఎర్ర గీత మళ్ళీ దగ్గరకు వచ్చేసింది. ప్రభుత్వం వారి లెక్క తప్పే. కాని తప్పుడు లెక్క చెప్పిన దిక్కుకే అసలు పిల్ల నడుస్తోంది.

ఏడో రోజున పరాంకుశంగారే స్వయంగా తనిఖీకి వచ్చారు. వెంట కోదండం అని ఒక గుమాస్తా, సంచీనిండా ఫారాలు. వెనక ఆసుపత్రి జీపు. తీవ్రంగా చిక్కిపోయిన పిల్లల్ని తల్లితోసహా పద్నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచి బలమైన తిండి పెట్టే వార్డు జిల్లాలో ఉంది. మంచి వార్డే. అందులోకి ఢిల్లీశ్వరిని తీసుకుపోవడానికి వచ్చారు.

"ఏది, చిన్నారిని ప్రవేశపెట్టుడు."

చిన్నమ్మడు రిత్విక్‌ను ఎత్తుకుని నిలబడింది. ఫోను స్వాగతం పలికింది. కోదండం వాడి బుగ్గలు, బొజ్జ చూసి ఫారం వైపు చూశాడు, ఫారం చూసి మళ్ళీ బొజ్జ వైపు చూశాడు.

"తీవ్ర పోషకాహార లోపం," అని రాసుకున్నాడు.

"ఈడు మగపిల్లడు బాబూ!" అంది చిన్నమ్మడు. "నా కూతురు అదిగో, ఆ గోడ కాడ నిలబడింది. దాన్ని చూడండి. పద్నాలుగు రోజులు నన్ను ఆసుపత్రిలో కూకోబెడితే షెడ్డులో నా పీట ఇంకొకర్తికి ఇచ్చీరా? ఉన్న పిల్లకి ఉన్న గుడ్డు పెట్టడానికి ఇంత బాగోతం ఏటండీ?"

నేను నా కాటా తెచ్చి గదిలో దూలానికి తగిలించాను. ఢిల్లీశ్వరి అలవాటైనదానిలా వచ్చి తట్టలో కూచుంది. రాళ్ళు వేశాను. ముల్లు నిటారుగా నిలబడింది.

"పదకొండు రెండువందలు. రాళ్ళమీద ముద్ర ఉంది, చూసుకోవచ్చు."

ఆయన వంగి ముద్ర చూశారు. తర్వాత పిల్ల ఎదురుగా గొంతుకూచున్నారు. ఇస్త్రీ ప్యాంటు మోకాళ్ళ దగ్గర నలిగింది.

"నీ పేరేమిటమ్మా?"

"ఢిల్లీశ్వరి. ఆ ఫోనుకి తెల్దు."

"మా మనవడూ ఇంతే," అన్నారాయన మెల్లగా, ఉత్తర్వుల భాష మరిచిపోయి. "చెప్పాపెట్టకుండా పెరిగిపోతున్నాడు." తర్వాత నావైపు తిరిగారు. "మీ కాటా సరైనదేనండి. ఈ పిల్ల ఢిల్లీశ్వరి అని నేను నమ్ముతున్నాను. కాని నా నమ్మకానికి ఫారంలో గడి లేదు. నేనేం చెయ్యను?"

సరిగ్గా అప్పుడు రిత్విక్ తల్లి చంకలోంచి వంగి, బల్లమీద ఉన్న గుడ్ల అట్టను ఒక్క గుంజు గుంజాడు. ఉడికిన గుడ్డు ఒకటి కిందపడి చిట్లింది.

"అయ్యయ్యో బాబూ, ఆడు చిన్నోడు!" అంటూ పైడమ్మ పరుగెత్తింది.

"కంగారుపడకమ్మా," అన్నాడు కోదండం, తల ఎత్తకుండా రాసుకుంటూనే. "పగిలిన గుడ్డుకి ముఖం అక్కర్లేదు. పగుళ్ళ ఫారంలో అంకె వేసి, పారేస్తారో ఎవరికిస్తారో టీచరు ఇష్టం. ఆ ఫారం మొదటి వెర్షన్ నుంచీ ఉన్నదే. దాన్ని ఎవరూ అప్‌డేట్ చెయ్యలేదు."

గదిలో పెద్దవాళ్ళందరం నేలమీది గుడ్డు వైపు చూశాం. ఢిల్లీశ్వరి తట్టలోంచి దిగి వెళ్ళి దాన్ని తీసుకుని, మట్టి ఊది, తినడం మొదలుపెట్టింది. ఎవరూ ఆపలేదు. ఫోను కూడా ఆపలేదు.

పరాంకుశంగారు లేచి, మోకాళ్ళు దులుపుకుని, కిటికీలోంచి వీధివైపు చూశారు.

"మీ రోడ్డు బాగున్నట్టు లేదే?"

"లేదండీ, బాగుంటాది. ఉగాదికే సిమెంటు వేసేరు," అంది గౌరీశ్వరి, పద్నాలుగేళ్ళ నిజాయితీతో.

"ఘోరంగా ఉందండి," అన్నాను నేను.

గౌరీశ్వరి నావైపు తిరిగింది. నేను తన వైపు చూడలేదు.

"గుడ్ల బండి వచ్చేటప్పుడు పగుళ్ళు ఎక్కువగా ఉంటాయా?"

"చాలా ఎక్కువండి."

"సుమారు ఎన్ని?"

గదిలో పిల్లల్ని చూశాను. "ముప్పై ఒకటి."

"ప్రతిరోజూనా?"

"ఆదివారాలు తప్ప."

"అర్హత గలవారెవరైనా ధ్రువీకరించవలసి ఉండును," అన్నారాయన, మళ్ళీ భాష దొరకబుచ్చుకుని. "మాజీ తూనికల ఇన్‌స్పెక్టరు అయినచో మరీ మంచిది."

ముప్పై మూడేళ్ళ సర్వీసులో ఒక్క గ్రాము తప్పు రాతకి నేను సంతకం పెట్టలేదు. ఒక మిల్లు యజమాని బస్తా బియ్యం పంపితే రిక్షా ఎక్కించి తిప్పి పంపాను. ఆ రోజున బాగున్న రోడ్డును బాగులేదనీ, బాగున్న గుడ్లను పగిలాయనీ రాసి, కింద పేరు, హోదా, తేదీ వేశాను. అంత తేలిగ్గా రాయగలిగినందుకు నేనే ఆశ్చర్యపోయాను. సుభద్ర ఉంటే ఆశ్చర్యపోయేది కాదు, పెన్ను మూత పెట్టడం మరిచిపోయానని చెప్పేది.

తాఖీదు ఆ పూటే మూసేశారు. "రవాణాలో గుడ్లు పగిలినందున చిన్నారి బరువు, ఎత్తు తగ్గినట్లు విచారణలో తేలినది. టీచరు దోషము లేదు. చికిత్స అవసరమైనది రోడ్డుకు, చిన్నారికి కాదు." జీపు ఖాళీగా వెళ్ళిపోయింది. గౌరీశ్వరి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ సమయంలో ఫోను చూపిస్తే ఎవరో ఒకరిగా తననీ గుర్తుపట్టి ఉండేది.

ఇలాంటివి దాగవు. సెప్టెంబరుకల్లా మండలమంతటా గుడ్లు పగలడం మొదలైంది. అక్టోబరుకు జిల్లా మొత్తం. కొత్తగా తారు వేసిన రోడ్ల మీద కూడా గుడ్లు నిలవడం లేదని నివేదికలు వెళ్ళాయి. సంచాలకాలయం వారు కలవరపడి మరో అధ్యయన సంఘాన్ని వేశారు. దానికి పరాంకుశంగారినే అధ్యక్షుణ్ణి చేశారు. వారి మధ్యంతర నివేదిక నకలు ఒకటి మాకూ వచ్చింది. గుడ్డు పెంకు ఇప్పటికీ తన తొలి వెర్షన్‌లోనే కొనసాగుతున్నదనీ, తయారీదారైన కోడి నుండి ఇంతవరకు ఎట్టి అప్‌డేటూ అందలేదనీ, ఇది నిర్లక్ష్యమా లేక పథకం ప్రకారం పెంకును పలుచగా ఉంచుటయా అన్నది లోతుగా పరిశీలించవలసి ఉన్నదనీ, అంతవరకు యథాతథ స్థితి కొనసాగవలెననీ అందులో ఉంది. కోళ్ళ తరఫున ఎవరితో చర్చించాలన్న దానిమీద సభ్యులు రెండుగా చీలిపోయారట. చక్కగా చీలనివ్వండి. పన్నెండు సమావేశాలైనా జరగనివ్వండి.

మా ముందుగదిలో పదకొండు గంటలకు ఏడుపులు లేవు. చంటిపిల్లలు వాళ్ళ వాళ్ళ పేర్లతో ఇళ్ళలో ఉన్నారు. ఏడుగురికి ముఖాలమీద, ముప్పై ఒక్కమందికి పగుళ్ళమీద, అందరికీ గుడ్లు అందుతున్నాయి. పోయిన శనివారం కాటాలో ఢిల్లీశ్వరి పన్నెండు కిలోల నాలుగువందలు. నేను గోడమీది పటంలో పెన్సిలుతో చుక్క పెట్టాను. అది ఎక్కడికీ పంపడానికి కాదు.

ఒకటే చిక్కు. గౌరీశ్వరికి అబద్ధం రాయడం చేతకాదు. గుడ్డు పగిలిందని రాయాలంటే ఎదురుగా పగలాలి. అందుకని పిల్లలందరూ వరసగా వచ్చి ఎవరి గుడ్డు వాళ్ళు పగలగొట్టుకుంటారు. కొందరు బల్లకు కొడతారు, కొందరు గోడకు, ఒకడు పక్కవాడి నెత్తికి. ఢిల్లీశ్వరి మాత్రం బల్లమీద బోర్లా పెట్టి ఉన్న ఆ ఫోను దగ్గరకే వెళ్తుంది. దాని మూల గట్టిగా ఉంటుంది. గుడ్డును రెండు చేతులా పట్టుకుని, నాలుక బయటపెట్టి, గురిచూసి ఒక్కటి కొడుతుంది.

"పగిలిపోనాది టీచరుగారూ!"

"అయ్యో, అలాగా తల్లీ," అని గౌరీశ్వరి ఎంతో విచారంగా రాసుకుంటుంది.